మూడు నెలల ముసలయ్యకు రాయి

జంషెడ్‌పూరు ఉక్కుకు పేరు మోసిన ఊరు. మే నెలలో ఉక్కకు కూడా అంతే పేరు. అలాంటి ఒక ఉక్క ఉదయాన, సోనారీలోని రెండు గదుల ఇంట్లో సూర్యం చాలా చిన్న పథకం వేసుకున్నాడు. భార్య పైడమ్మ పిల్లవాడికి పాలిస్తుంది, వెంటనే నొప్పి మాత్ర మింగుతుంది, చెంబెడు నీళ్ళు తాగి పడుకుంటుంది. తను సైకిలెక్కి గమ్హరియా ఫ్యాక్టరీలో డ్యూటీకి పోతాడు. ఇందులో చెడిపోవడానికి ఏముందని ఎవరైనా అనుకుంటారు. ఆ ఇంట్లో సూర్యం తల్లి సింహాచలమ్మ ఉందని తెలియనివాళ్ళు మాత్రమే అలా అనుకుంటారు.

పైడమ్మ ముందురోజే ఆసుపత్రి నుంచి వచ్చింది. మూత్రనాళంలో ఇరుక్కున్న రాయిని, కోత లేకుండా, కింది నుంచి సన్నని గొట్టం పంపి లాగేశారు. రాయి తీసిన డాక్టరమ్మే మందు రాసింది. కొన్నాళ్ళు మంట, నడుము నొప్పి తప్పవంది. ఈ మాత్ర బాలింతలకు ఇచ్చేదే, పిల్లవాడికి పాలిచ్చాక వేసుకో, వాడికేమీ కాదంది. నీళ్ళు బాగా తాగమంది. రాయి పోయింది గాని అది నడిచిన దారి మిగిలింది. ఆ దారిన చుక్క కదిలినా పైడమ్మకు నిప్పు మీద నడిచినట్టే ఉంది.

పిల్లవాడికి తాతగారి పేరు పెట్టారు, ముసలయ్య. వయసు మూడు నెలలు. అంత లేత ముసలయ్య సోనారీ మొత్తం మీద మరొకడు లేడు. ఆ ఉదయం సూర్యం సైకిలు మలుపు తిరిగేసరికి, ముసలయ్య కడుపు నింపుకుని వదిలాడు. పైడమ్మ మాత్ర చేతిలోకి తీసుకుంది. చెయ్యి నోటి దాకా వెళ్ళలేదు.

"ఏటే అది?" అంది సింహాచలమ్మ, ఆ చెయ్యి పట్టుకుని.

"నొప్పి మాత్రత్తా. డాక్టరమ్మ ఇచ్చినాది."

"నువ్వు మింగితే అదెక్కడికెల్తాది? పాలల్లోకెల్తాది. పాలల్లోంచి గుంటడి కడుపులోకెల్తాది. పెద్దోల్ల మాత్ర పసిగుంటడు ఓర్సుకోగలడేటి?"

"ఆడికేటీ కాదని సెప్పినారత్తా."

"ఆవిడెంతమందిని పెంచినాదో నాకు తెల్దు. నాను ఆరుగుర్ని పెంచినాను. మింగుతానంటే మింగు, నానొద్దన్ను. గుంటడికి డబ్బాపాలు పట్టేత్తాను. మాత్ర కావాలా, గుంటడు కావాలా, నువ్వే సెప్పు."

అని మాత్రల అట్ట కొంగున ముడివేసుకుంది. తర్వాత నీళ్ళ చెంబు కూడా పక్కకు జరిపింది. బాలింత నీళ్ళు తాగితే పాలు పలచబడతాయి, పిల్లవాడికి పడిశం పడుతుంది. ఇది సింహాచలమ్మ చట్టం, అందులో బాలింతతనం ఐదో నెల దాకా సాగుతుంది. పూటకు అరగ్లాసు గోరువెచ్చని నీళ్ళు మంజూరు. నీరు లేక నీరసం, నీరసంగా ఉందంటే ఇంకాస్త నీళ్ళు తగ్గించడం. ఆ చట్టం కింద ఆ ఎండల్లో బతికిన మనిషికి ఒళ్ళో బిడ్డతో పాటు లోపల రాయి కూడా పెరగడంలో వింత లేదు. ఆ సంగతి డాక్టరమ్మ అడగలేదు, పైడమ్మ చెప్పలేదు.

పైడమ్మ మాత్రను వదులుకుంది, పిల్లవాణ్ణి వదులుకోలేదు. దొడ్లోకి వెళ్ళినప్పుడు కొంగు పళ్ళ మధ్య బిగించి గోడ పట్టుకుంది. తిరిగి వచ్చేసరికి కొంగుకు చిరుగు పడింది. ఆ మంటకు జడిసి మళ్ళీ వెళ్ళే పని లేకుండా, మంజూరైన అరగ్లాసు కూడా మానేసింది. నీళ్ళు మానేసినందుకు మంట రెట్టింపయింది. నొప్పికి ముడుచుకుపోయిన తల్లి ఒళ్ళో పిల్లవాడు సరిగా పాలందక ఏడుపు లంకించుకున్నాడు. తల్లి పాలికి నొప్పి, బిడ్డ పాలికి ఆకలి. పాలు పంచుకోవడమంటే ఆ ఇంట్లో అదే.

సాయంత్రం సూర్యం వచ్చి భార్య మొహం చూశాడు, తల్లి కొంగు చూశాడు. తల్లితో వాదించబోయి, ఆరుగురు పిల్లల పెంపకం మొదటి నుంచీ విని, వాదన మానుకున్నాడు. రాత్రంతా పిల్లవాడు ఏడుస్తూనే ఉన్నాడు. తెల్లారేసరికి సూర్యానికి ఒక ఉపాయం తట్టింది.

కిందటి నెల ముసలయ్యకు జలుబు చేస్తే సింహాచలమ్మ శొంఠి కషాయం కాచి పైడమ్మ చేత తాగించింది. వాళ్ళ వైపు పద్ధతి అది. పాలు తాగే బిడ్డకు జబ్బు చేస్తే మందు తల్లి మింగాలి, పథ్యం తల్లి చెయ్యాలి. తల్లి గిన్నె, పాలు గరిటె.

"అమా, ఆ మాత్రలేవే?" అన్నాడు సూర్యం, చొక్కా గుండీలు పెట్టుకుంటూ, గోడవైపు చూస్తూ.

"నా కొంగునున్నాయి. నీకేటికిరా?"

"అవి పైడికి కాదు, గుంటడికంట. ఆడికి కడుపునొప్పి. తల్లి మింగితే పాలల్లోంచి ఆడికెల్లి తగ్గుతాదన్నారు. నాను సెప్పడం మరిసిపోనాను."

"రేత్రంతా గుంటడు గుక్కపట్టి ఏడుత్తంటే ఇప్పుడా సెప్తావు, సన్నాసీ." సింహాచలమ్మ ముడి విప్పే ఓపిక లేక పళ్ళతో లాగింది. మాత్ర తీసి తన చేత్తోనే కోడలి నోట్లో వేసి, మింగిందో లేదో నాలుక ఎత్తించి మరీ చూసింది.

మందు అదే, నోరు అదే, కడుపు అదే. చిరునామా ఒక్కటే మారింది. కాసేపటికి పైడమ్మ నడుము పట్టు సడలి, ఆసుపత్రి నుంచి వచ్చాక మొదటిసారి కళ్ళు మూతలు పడ్డాయి. సూర్యం ఈల వేసుకుంటూ డ్యూటీకి పోయాడు. ఈల కొంచెం ముందుగా వేశాడు.

జబ్బు పిల్లవాడిది అయ్యాక పథ్యం రాకుండా ఎలా ఉంటుంది? పప్పు తీసేశారు, కూర తీసేశారు. వేయించిన వెల్లుల్లి కారం, అన్నం. అరగ్లాసు నీళ్ళు పావుగ్లాసయింది. మధ్యాహ్నం పైడమ్మ ఆ ముద్ద మింగి మళ్ళీ పడుకున్నాక, పక్కింటి కస్తూరమ్మ వచ్చింది. ఇచ్ఛాపురం మనిషి, ఆసుపత్రిలో పైడమ్మకు తోడు పడుకున్నది ఆవిడే. గూట్లో మాత్రల అట్ట చూసి ఆగిపోయింది.

"వదినా, పైడికి ఆస్పత్రిలో రాయి నొప్పికిచ్చిన గోలీలు ఇవే కదా?"

"ఇప్పుడవి గుంటడికి. పాలల్లోంచి ఎల్తాది."

కస్తూరమ్మ వక్క నములుతూ ఆలోచించింది. "తల్లికీ ఇదే దవాయి, గుంటడికీ ఇదే దవాయి. మరి జబ్బో?"

"ఏటంటన్నావే నువ్వు?"

"ఏటీ నేదు వదినా. పాలల్లోంచి మందెల్లిపోతాదంటే, రాయెల్లదా అని."

సింహాచలమ్మ చేతిలోని బియ్యం చేట కింద పెట్టేసింది. కాదనడానికి వీల్లేదు, సిద్ధాంతం తనదే. ఇద్దరూ ఉయ్యాల దగ్గరికి వెళ్ళి ముసలయ్య గుడ్డ తడిమి చూశారు. పొడిగా ఉంది. పొద్దుటి నుంచీ పొడిగానే ఉందని సింహాచలమ్మకు గుర్తొచ్చింది. తల్లి గొంతు తడవనప్పుడు బిడ్డ గుడ్డ ఎలా తడుస్తుందన్న ముక్క ఇద్దరిలో ఎవరికీ తట్టలేదు.

"అడ్డం పడిపోనాదే రాయి," అంది సింహాచలమ్మ, ఉయ్యాల తాడు పట్టుకుని కూలబడుతూ.

వీధి మొదట్లో కందిగింజంత ఉన్న రాయి వీధి చివరికి చేరేసరికి ఉసిరికాయంత అయింది. హిందీవాళ్ళ ఇళ్ళలో అది పథ్రీ అయింది. తల్లి పథ్యంలో, బిడ్డ పథ్రీలో ఉన్నారని లోకమంతా జాలిపడింది. పిల్లవాణ్ణి ఆసుపత్రికి తీసుకెళ్ళడానికి ఆటో వచ్చింది. సింహాచలమ్మ, కస్తూరమ్మ, ఇంకా ఎందుకెక్కారో తెలియని ఇద్దరు ఎక్కారు. పైడమ్మను లేపలేదు. బాలింత ఎండలోకి రాకూడదు, పైగా ఆ పాలు ఇక పట్టకూడదు.

గమ్హరియాలో రెండో షిఫ్టుకు వచ్చిన సోనారీ మనిషి ఒకడు సూర్యం భుజం మీద చెయ్యి వేశాడు. "ముసలయ్యని కోసేత్తన్నారంట కదా భయ్యా. పథ్రీ అంట."

సూర్యానికి మొదట తండ్రి గుర్తొచ్చాడు. ఆయన పోయి చాలా కాలమైంది, ఇప్పుడు కొయ్యడం దేనికని ఆలోచించాడు. తర్వాత అర్థమై సైకిలు తొక్కాడు.

ఇంటి గుమ్మంలో పైడమ్మ నిలబడి ఉంది. రవిక పాలతో తడిసిపోయింది. ఒక చేత్తో ద్వారబంధం, ఒక చేత్తో నడుము పట్టుకుంది. పాలు గడ్డకట్టి రొమ్ములు రాళ్ళయ్యాయి. ఒక రాయి తీస్తే రెండొచ్చాయని ఎవరూ నవ్వే పరిస్థితి కాదు.

"నా గుంటణ్ణి ఎక్కడికి పట్టుకెల్లిపోనారు?" అంది.

సూర్యం రిక్షా పిలిచాడు. దారిలో ప్రతి గుంటా ఆమెకు గుంటణ్ణే గుర్తు చేసింది. చక్రం దిగబడినప్పుడల్లా ఆమె కళ్ళు గట్టిగా మూసుకుంది. సూర్యం ఆమె భుజం పట్టుకుని కూర్చున్నాడు. చిరునామా మార్చిన మొనగాడు తనే.

ఆసుపత్రిలో ముసలయ్య నీలం రంగు తిరిగేలా ఏడుస్తున్నాడు. డాక్టరమ్మ ముందు సింహాచలమ్మ తన హిందీ అంతా కూడగట్టుకుని నిలబడింది. "బచ్చాకా పథ్రీ నికాలో మాయీ. గొట్టం సే."

డాక్టరమ్మ పొట్ట నొక్కి చూసింది, నాలుక చూసింది. "ఆకలి వేస్తోంది వీడికి," అంది హిందీలో. "తల్లి ఏది?"

ఆటోలో అంతమంది ఎక్కినా తల్లికి చోటు దొరకలేదు. అంతలో పైడమ్మ వచ్చి ఎవరినీ అడక్కుండా పిల్లవాణ్ణి లాక్కుని, అక్కడే నేల మీద కూర్చుని రొమ్ము అందించింది. ఆమె కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. ఒంట్లో ఇంకా అన్ని నీళ్ళున్నాయంటే వింతే.

తలుపు దగ్గర సూర్యం మాత్రల కథంతా డాక్టరమ్మకు గొణిగాడు. ఆవిడ నవ్వలేదు. పైడమ్మ పెదవుల మీది పగుళ్ళు చూసి, ఊపిరి పీల్చి, సింహాచలమ్మ వైపు తిరిగింది.

"వీడికి రాయి లేదు. నీళ్ళు చాలడం లేదు. మూడు నెలల పిల్లాడికి నీళ్ళు ఏ దారిన వెళ్తాయి?"

"పాలల్లోంచి," అంది సింహాచలమ్మ తడుముకోకుండా.

"ఆ పాలకు నీళ్ళెక్కడివి?"

సింహాచలమ్మ కోడలి వైపు చూసింది. రోజూ నీళ్ళు పట్టుకునే కుళాయికి వెనక గొట్టం ఒకటుంటుందని మొదటిసారి గమనించినట్టు చూసింది.

"తల్లి చెంబులు చెంబులు తాగాలి. నొప్పితో ఉంటే పాలు దిగవు, కాబట్టి మాత్ర ఆపకూడదు. అన్నీ తినాలి. ఇదంతా పిల్లాడి కోసం," అంది డాక్టరమ్మ. చివరి మాట రెండుసార్లు అంది.

అప్పుడే కడుపు నిండిన ముసలయ్య, వాణ్ణి అందుకున్న సింహాచలమ్మ చీరను నడుము నుంచి కుచ్చిళ్ళ దాకా తడిపాడు. ఆవిడ కళ్ళకద్దుకోవడం ఒక్కటే తక్కువ.

ఆ రోజు నుంచి చట్టం మారింది, పోలీసు మాత్రం మారలేదు. "తాగవే, గుంటడికి," అని నీళ్ళ చెంబు, "మింగవే, గుంటడికి," అని మాత్ర. పైడమ్మ దొడ్లోకి వెళ్తే వెనకే వెళ్ళి, "ఎల్లినావా? గుంటడికి మంచిది," అని బయట నిలబడేది. మంట రోజురోజుకూ దిగింది. నొప్పెలా ఉందని మాత్రం ఆవిడ పూటపూటా అడిగేది, ముసలయ్యను. వాడు చొంగ కార్చి జవాబు చెప్పేవాడు.

వారం తిరక్కుండానే సింహాచలమ్మ గూట్లోంచి అట్ట తీసింది. "గుంటడికి నయమైపోనాది. ఇంక ఈ మాత్రలేటికి? కస్తూరికిచ్చేత్తాను, దాని మోకాలికి పనికొత్తాయి. నీల్లు కూడా ఇంక సాలు, పాలు నీల్లైపోతాయి."

పైడమ్మకు నడుములో పోటు ఇంకా ఉంది. ఆమె మొగుడి వైపు చూసింది. సూర్యం టీ గ్లాసులోకి చూశాడు. ఆమె ఉయ్యాలలోకి చూసింది.

"అత్తా," అంది మెల్లగా, "గుంటడి మొగం ఒకపాలి సూడు. మల్లీ నొప్పొచ్చినట్టున్నాది."

ముసలయ్య నిద్రలో బోసినోటితో నవ్వుతున్నాడు. సింహాచలమ్మ చెంబు పట్టుకుని కుళాయి దగ్గరికి పరుగెత్తింది. ఎవరైనా నొప్పి పడుతుంటే ఆవిడ చూడలేదు.