మా పెరటి కంచెకు నలభై మూడు గోధుమ రంగులు

మనిషి ఒక పూట తిండి లేకపోయినా బతుకుతాడు గానీ, నలభై మూడు రకాల గోధుమ రంగులు లేకపోతే బతకలేడని ఘంటాపథంగా చెబుతున్నాను! నవ్వకండి. పదకొండు నెలల పరిశోధన మీద చెబుతున్న మాట ఇది.

విషయం చిన్నదే. మా పెరట్లో చెక్క కంచె ఉంది. ఎండకు ఎండి, వానకు నాని, బూడిద రంగుకు తిరిగి పేళ్ళు లేచింది. దానికి స్టెయిన్ పూయాలి. స్టెయిన్ అంటే పెయింటులా పైపైన కూర్చునేది కాదు, చెక్కలోకి ఇంకి దాన్ని కాపాడేది. గరుకు కాగితంతో రుద్ది, బ్రష్ ముంచి పూస్తే రెండు రోజుల పని.

పూర్వం నిజంగానే రెండు రోజుల్లో అయిపోయేదట! ఈ ఇల్లు మా మామగారిది. కంచె కూడా ఆయన చేతులతో కట్టిందే. బతికున్నన్నాళ్ళూ కొట్టుకు వెళ్ళి "చెక్కకు పూసేది ఒకటివ్వవయ్యా" అనేవారట. కొట్టాయన ఇచ్చేవాడట. ఈయన తెచ్చి పూసేవారట. అంతే! ఎంత అనాగరికమో చూశారా? చర్చ లేదు, ఓటింగు లేదు, అలకలు లేవు. ఒక కుటుంబం ఉండాల్సిన తీరేనా అది?

మనం ఎదిగాం. నేనొక ఆదివారం వెళ్ళినప్పుడు కొట్టాయన షేడ్ కార్డు నా చేతిలో పెట్టి, "ఇంట్లోవాళ్ళతో కూర్చుని నిదానంగా చూసుకోండి సార్, తొందరేముంది?" అన్నాడు. మహానుభావుడు! అంతకుముందు మా ఇంట్లో ఎవరి కంచం వాళ్ళు పట్టుకుని ఎవరి ఫోన్ దగ్గరకు వాళ్ళు పోయేవాళ్ళం. ఆ ఆదివారం నుంచి అందరం ఒకే బల్ల చుట్టూ కూర్చుని పోట్లాడుకుంటున్నాం. ఒక్క కార్డు కుటుంబాన్ని కలిపింది!

ఆ కార్డులో ఏమున్నాయనుకున్నారు? నలభై మూడు గోధుమ రంగులు! వాల్‌నట్, డార్క్ వాల్‌నట్, రెంటికీ రాజీ కుదర్చడానికి మీడియం వాల్‌నట్. హనీ ఓక్, గోల్డెన్ ఓక్. చివరి వరుసలో ఆటమ్ విస్పర్! గుసగుసకు రంగేమిటని అడక్కండి. దాన్ని చూడగానే మా ఆవిడ "ఇది ఎంత మనశ్శాంతిగా ఉందండీ!" అంది. పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో ఆవిడ నోట మనశ్శాంతి అన్న మాట వినడం నాకదే మొదలు. అది నా వల్ల రాలేదు, ఒక డబ్బా వల్ల వచ్చింది.

మా బావమరిది ఏసీలు బిగిస్తాడు. కాబట్టి చెక్క గురించి అతనికి తెలియనిది లేదు. "బావా, నువ్వు రంగు చూస్తున్నావు గానీ, అందులో వెచ్చదనం చూడట్లేదు" అన్నాడు. రోజంతా ఎండలో నిలబడే కంచెకు ఇంకా వెచ్చదనం ఎందుకో నాకు అంతుబట్టలేదు గానీ, తెలియనివాణ్ణని తెలిసిపోతుందని తలూపాను. మా అమ్మాయి ఇంకా నాలుగాకులు ఎక్కువ చదివింది. కంచెను ఫొటో తీసి, ఫోన్లోనే రంగులు మారుస్తుంది. ఫోన్లో మా కంచెకు ఇప్పటికి నూట పదహారు పూతలు పడ్డాయి. బయట ఒక్కటి పడితే ఒట్టు!

అన్నట్టు, ఈ చర్చలకు ఒకే ఒక అడ్డంకి ఉండేది. మా అత్తగారు.

ఆవిడకు చూపు పోయి మూడేళ్ళయింది. వెలుగూ నీడా తప్ప ఇంకేమీ తెలియదు. రోజూ పొద్దున్నే పెరటి గుమ్మం దిగి, కంచె మీద చెయ్యి వేసి, గేటు దాకా నలభై అడుగులు నడిచి వెనక్కి వస్తుంది. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఆవిడ నడవగలిగిన దారి ఈ భూమ్మీద అదొక్కటే. అందుకని మా సమావేశం మధ్యలో పదే పదే ఒకటే మాట అనేది.

"ఏదో ఒకటి పుయ్యండి బాబూ. చేతికి పేళ్ళు గుచ్చుకుంటున్నాయి."

"ఏ రాయైతేనేం పళ్ళూడగొట్టుకోవడానికి అన్నట్టు మాట్లాడితే ఎలా అత్తయ్యగారూ? ఇది పదేళ్ళు కళ్ళ ముందుండే రంగు!" అన్నాను. కళ్ళ ముందు అన్నాను. ఎవరితో అన్నానో చూశారా! మా ఆవిడ తల్లి అరచేతిలోంచి సూదితో పేడు తీస్తూ, ఒళ్ళో కార్డు వంక చూస్తూ, "కదలకమ్మా... ఏవండీ, చెస్ట్‌నట్ మరీ ఎర్రగా లేదూ?" అంది.

ఆరో నెలలో బావమరిది సలహా మీద తొమ్మిది శాంపిల్ డబ్బాలు తెచ్చాం. గుమ్మం పక్క నుంచి తొమ్మిది చెక్కలు నున్నగా రుద్ది, ఒక్కోదానికి ఒక్కో రంగు పూశాం. వాటిని పొద్దుటెండలో చూశాం. మిట్టమధ్యాహ్నం చూశాం. వానలో గొడుగేసుకుని చూశాం. ఐదు నెలలు మీనమేషాలు లెక్కపెట్టి, పది డబ్బాలు ఉంటే బాగుండేదన్న నిర్ణయానికి వచ్చాం.

పోయిన వారం గుమ్మంలో కూర్చుని టీ తాగుతుంటే అత్తగారు దిగి వచ్చింది. మొదటి చెక్క మీద చెయ్యి వేసింది. తొమ్మిదో చెక్క దాకా నడిచింది. అక్కడ ఆగి వెనక్కి తిరిగింది. మళ్ళీ తొమ్మిది, మళ్ళీ వెనక్కి.

"అత్తయ్యగారూ, గేటు దాకా వెళ్ళడం లేదేం?"

"ఇక్కడిదాకా నున్నగా ఉంది బాబూ. అవతల గుచ్చుకుంటోంది."

"ఎన్నాళ్ళ నుంచి ఇలా?"

"మీరు వీటికి పూసినప్పట్నుంచీను."

"మరి చెప్పలేదేం?"

"చెప్పాగా" అంది.

కాలమిస్టును కదా, నా దగ్గర ప్రశ్నలకు లోటుండదు. ఏదో ఒకటి అడగాలి కాబట్టి, ఈ తొమ్మిదింట్లో ఏది బాగుందన్నాను. ఆవిడ అన్నిటినీ వరసగా తడిమి, "అన్నీ బానే ఉన్నాయి. ఒకటే కదూ?" అంది.

అయ్యా, అమ్మా, మాకు రంగు దొరక్క కాదు. పని చెయ్యకుండానే చేస్తున్నట్టు కనబడటానికి నలభై మూడు దారులు దొరికాయి, అదీ సంగతి. సిగ్గేసింది.

టీ గ్లాసు అక్కడే పెట్టి కొట్టుకు వెళ్ళాను. "చెక్కకు పూసేది ఒకటివ్వవయ్యా" అన్నాను. కొట్టాయన నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూసి, "ఏ షేడ్ సార్?" అన్నాడు. "నీ చేతికి ముందేది తగిలితే అది" అన్నాను. రెండు రోజులు రుద్ది, పూసి, ఆరబెట్టాను. నడుము పట్టేసింది. మా ఆవిడ చూసి, "నన్నొక్క మాట అడగలేదు" అంది. బావమరిది వచ్చి, వెచ్చదనం తక్కువైందని తేల్చాడు.

మర్నాడు అత్తగారు కంచె మీద చెయ్యి వేసి, తొమ్మిదో చెక్క దగ్గర ఒక్క క్షణం ఆగింది. తర్వాత మెల్లగా ముందుకు పోయింది. నలభై అడుగులూ నడిచింది. ఆ చివర్నుంచి కేకేసింది.

"గేటు ఇంకా గరుగ్గానే ఉంది బాబూ!"

"అవునండీ, గేటుకు ఇదే రంగు వేద్దామా, కాస్త ముదురు వేద్దామా?" అంటూ మా ఆవిడ షేడ్ కార్డు కోసం లోపలికి పరిగెత్తింది.

ఇప్పటికీ వెతుకుతూనే ఉంది, పాపం. కంచెకు పూసేటప్పుడు నేల మీద చుక్కలు పడకుండా నేను డబ్బా కింద పరిచింది ఆ కార్డునే.