పెద్ద మేడమ్ గోళ్ళరంగు

ఆ ఉదయం లైబ్రరీ అసిస్టెంటు వేసుకున్న పథకం చాలా చిన్నది. రెండు ఉడికించిన గుడ్లు తినాలి, బల్ల మీదున్న రొట్టె వైపు చూడకూడదు, చూసినా నిట్టూర్చకూడదు, బస్సు వెళ్ళిపోకముందే ఇల్లు దాటాలి. అన్నం, రొట్టె, బంగాళాదుంప, చక్కెర అన్నీ తగ్గించమని డాక్టరు చెబితే అతను పూర్తిగా మానేశాడు. అప్పటి నుంచి అతని కంటికి మూలనున్న దిండు కూడా రొట్టెలాగే కనబడుతోంది. కానీ ఏం చేస్తాడు? చరిత్ర పుస్తకాల అల్మారాకీ భూగోళం అల్మారాకీ మధ్య ఇరుక్కుపోతే పాఠకులు చెరో చేయీ పట్టుకుని బయటికి లాగారు. ఆ అవమానం ముందు ఆకలి ఏపాటిది!

గుమ్మం దగ్గర కాలరు సర్దబోయిన భార్య ముక్కు చిట్లించింది.

"ఏమండీ, ఈ నెయిల్ పాలిష్ వాసనేమిటి?"

"నెయిల్ పాలిషా? నాకేం రావట్లేదే!"

"మీకెలా వస్తుంది? వచ్చేది మీ దగ్గర్నుంచేగా. మనింట్లో ఆ రంగు పూసుకునేవాళ్ళెవరూ లేరు మరి." అంతే, తలుపు ధడాలున మూసుకుంది.

లైబ్రరీ అంటే ఒకే ఒక్క హాలు. ఎత్తైన కిటికీలు, నడిస్తే కిర్రుమనే చెక్క నేల, చివర పెద్ద మేడమ్ బల్ల. ఏళ్ళ తరబడి ఆవిడ అక్కడే కూర్చుని పుస్తకాలిచ్చింది. మధ్యాహ్నం భోజనం కాగానే గోళ్ళకు ఎర్రరంగు వేసుకునేది. ఆ వాసన రాగానే హాలంతా గప్‌చుప్. పోయిన చలికాలంలో ఆ కుర్చీలోనే, ఒక చేతికి రంగు పూర్తయి రెండో చేతికి మొదలుపెట్టకుండానే కన్నుమూసింది. ఆ తర్వాత పాఠకులు పల్చబడ్డారు. ఎవరూ రాని ఈ శాఖకు తాళం వేసేద్దామని హెడ్డాఫీసు ఆలోచన. ఆఫీసరు స్వయంగా వచ్చి చూస్తాడట. తాళం పడితే అసిస్టెంటుకు ఊరి చివర గోదాములో అట్టపెట్టెల కాపలా. ఈ హాలు తప్ప వేరే లోకం తెలియని మనిషి.

ఆ రోజు హాల్లో ఉన్నది రిటైరైన డ్రాయింగు మాస్టారొక్కరే. పేపరు మొహం మీద కప్పుకుని గురకపెడుతున్నారు. లైబ్రరీలో గట్టిగా మాట్లాడకూడదు కనక అసిస్టెంటు వంగి, ఆయన చెవిలో గుసగుసగా, "మాస్టారూ, గురక" అన్నాడు.

మాస్టారు కళ్ళు తెరిచి కొయ్యబారిపోయారు. "మేడమ్ వచ్చారు" అన్నారు. "నా చెవి పక్కనే. అదే వాసన."

"నేనండీ మాస్టారూ!"

"నువ్వు కనబడింది తర్వాత. ముందు వాసనొచ్చింది."

కాసేపటికి ఒక కాలేజీ అమ్మాయి వచ్చి పుస్తకం అడిగింది. అసిస్టెంటు ఆమె వైపు వంగి, మూడో అల్మారాలో ఉందని గుసగుసలాడాడు. ఆ అమ్మాయి ముక్కు ఎగబీల్చి, అతని భుజం మీదుగా వెనక్కి చూసింది.

"అంకుల్, మీ వెనకాల ఎవరున్నారు?"

అతను తిరిగి చూశాడు. బల్ల, ఖాళీ కుర్చీ. అంతే. అందరికీ వచ్చే వాసన తనొక్కడికే రాదేం? ఆ మాటకొస్తే ఈమధ్య లేచి నిలబడితే చాలు, దీపాలు మసకబారుతున్నాయి. వేళ్ళు చల్లబడుతున్నాయి. చెవుల్లో ఏదో సన్నగా హోరు. తిండి సరిగ్గా లేక అని ఇంకెవరికైనా తట్టేదే. అతనికి మాత్రం తట్టలేదు. భయపడే మనిషికి బుర్ర పనిచేస్తే ఇక భయమెందుకు?

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి భార్య గుమ్మంలోనే నిలబడి ఉంది.

"ఆవిడెవరో చెప్పండి. నేనేమీ అనను."

"పెద్ద మేడమ్."

"ఆవిడ పోయారుగా!"

"పోయారు. రోజూ వస్తున్నారట. నా వెనకాలే."

బతికున్న ఆడమనిషి కానందుకు ఊరటపడాలో, చచ్చిపోయిన ఆడమనిషి అయినందుకు దడుసుకోవాలో ఆ ఇల్లాలికి తేలలేదు. ఎందుకైనా మంచిదని ఇంట్లో దీపాలన్నీ వేసింది.

మాస్టారు నోట్లో నువ్వుగింజ నానదు. వారం తిరక్కుండా లైబ్రరీలో కుర్చీలు చాలలేదు. జనం మేడమ్‌ని చూడ్డానికే వచ్చినా, ఊరికే కూర్చుంటే బాగుండదని తలా ఒక పుస్తకం తీసుకునేవారు. తీసుకున్నాక కొందరు చదివేవారు కూడా. అసిస్టెంటు వంగి గుసగుసలాడినప్పుడల్లా ఒకరు బిగుసుకుపోవడం, పక్కవాళ్ళు ఊపిరి బిగబట్టడం. హాలు నిండిందన్న సంతోషంతో అతని గుండె పొంగేది. అంతలో ఆ కుర్చీ కంటబడగానే అదే గుండె జారిపోయేది. వెళ్ళేముందు తలుపు దగ్గర నిలబడి, "వెళ్ళొస్తాను మేడమ్" అని ఖాళీ హాలుకు చెప్పి మరీ పరుగెత్తేవాడు.

చివరికి ఒకనాడు నిచ్చెన దగ్గర కళ్ళు తిరిగి కూలబడ్డాడు. భార్య అతన్ని రెక్క పట్టుకుని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. అతను మేడమ్ సంగతి మొదలుపెట్టి, పూర్తిచేసేలోపే డాక్టరు కుర్చీ వెనక్కి జరిపి పకపకా నవ్వాడు.

"మీ మేడమ్ మీ నోట్లోనే ఉన్నారండీ! పిండిపదార్థాలు పూర్తిగా మానేస్తే ఒంట్లో కొవ్వు కరుగుతుంది. అప్పుడు కొందరి ఊపిరి ఇలాగే నెయిల్ పాలిష్ వాసనొస్తుంది. ఎవరి నోటి వాసన వాళ్ళకు తెలియదు. అది సరే, నేను తగ్గించమంటే మీరు కడుపు మాడ్చుకున్నట్టున్నారే. రొట్టె కొంచెం తినండి."

కొంచెమా! ఎదురు కొట్లో రొట్టె కొని, ఆస్పత్రి మెట్ల మీదే కూర్చుని అతను మొత్తం లాగించేశాడు. వెన్న లేదు, జామ్ లేదు. కళ్ళవెంట నీళ్ళు మాత్రం వచ్చాయి.

దెయ్యం లేదు. మంచిదే. కానీ వాసనా లేదు. జనం వచ్చి, వాసన చూసి, పెదవి విరిచి వెళ్ళిపోయారు. మళ్ళీ మాస్టారొక్కరే మిగిలారు. "మేడమ్ అలిగారయ్యా" అని ఆయన కూడా పేపరు మడిచి పెందలాడే ఇంటికి వెళ్ళిపోయారు. ఆ సాయంత్రమే హెడ్డాఫీసు నుంచి ఫోను: ఆఫీసరు రేపు పొద్దున్నే వస్తున్నాడు, తాళంచెవులు సిద్ధంగా ఉంచమన్నాడు.

"మళ్ళీ పథ్యం మొదలుపెడతాను" అన్నాడు అతను ఇంట్లో, ముద్ద దిగక.

"ఒక్క పూటకే వాసనొస్తుందేమిటండీ? ఓ గోళ్ళరంగు సీసా కొనుక్కెళ్ళి ఆ మూల ఒలకబోస్తే సరి."

అతను పళ్ళెం పక్కకు జరిపాడు. "ఇన్నాళ్ళూ తెలియక జరిగింది. తెలిసి తెలిసి మేడమ్‌ని అలా వాడుకోలేనే. ఆవిడ నాకు పని నేర్పిన మనిషి" అన్నాడు. భార్య పళ్ళెంలో ఇంకో రొట్టెముక్క వేసింది.

పొద్దున్నే ఆఫీసరు వచ్చాడు. హాల్లో పురుగు కూడా లేదు. నేల కిర్రుకిర్రుమంటుండగా నడిచి వెళ్ళి, పెద్ద మేడమ్ కుర్చీలో కూలబడి, ఫోను తీసి గావుకేకలు మొదలుపెట్టాడు. "ఆఁ, ఇక్కడే ఉన్నా! ఒక్కడూ లేడు! ఇవాళే తాళం వేయించేస్తా!" అసిస్టెంటు గుమ్మం దగ్గరే చేతులు కట్టుకుని, పెదవులు బిగించి నిలబడ్డాడు. పుస్తకాలన్నిటినీ కళ్ళతోనే సాగనంపుతున్నాడు.

ఉన్నట్టుండి కేకలు ఆగిపోయాయి. ఆఫీసరు మెల్లగా కుడిచెవి తడుముకున్నాడు. మొహం సున్నం కొట్టినట్టుంది.

"ఎవరయ్యా అది?"

"ఎవరూ లేరండీ. మనమిద్దరమే."

"ఎవరో... 'నెమ్మదిగా' అన్నారు. చెవిలో. అబ్బా, ఏమిటీ ఘాటు?"

అసిస్టెంటు నోరు తెరవలేదు. పైగా అంత దూరంలో ఉన్నాడు. కానీ ఈసారి వాసన అతనికీ వచ్చింది. మొదటిసారి, స్పష్టంగా, తడి ఆరని ఎర్రరంగు వాసన.

ఆఫీసరు కుర్చీలోంచి చప్పుడు కాకుండా లేచాడు. ఫోను జేబులో పెట్టుకున్నాడు. మునివేళ్ళ మీద గుమ్మం దాకా వచ్చి, "ఈ శాఖ జోలికి ఎవరూ రారులే. తాళంచెవులు నీ దగ్గరే ఉంచుకో" అని గుసగుసగా చెప్పి, మెట్లు దిగాక పరుగందుకున్నాడు.

ఆ రాత్రి అసిస్టెంటు కడుపునిండా భోంచేశాడు. భార్య మారు వడ్డిస్తూ, "మరి జనం రావాలంటే మళ్ళీ పథ్యం చేయరా?" అని అడిగింది.

"అక్కర్లేదే" అన్నాడు పళ్ళెం దగ్గరికి లాక్కుంటూ. "ఒక పోస్టుకు ఇద్దరెందుకు?"