చెల్లెలు అడిగిన మధ్యాహ్నం

నన్ను చాలా ఏళ్లుగా ఒక సందేహం పీడిస్తోంది. కన్నవాళ్లకు సేవ చేస్తే పుణ్యమని చిన్నప్పటి నుంచీ వింటున్నాను. మరి సేవ ఒకరు చేసి, ఆ సేవకు కావలసిన సామాను ఇంకొకరు కొనిస్తే, పుణ్యం ఎవరికి చెందుతుంది? రోజూ దేవుడి ముందు కూర్చున్నప్పుడు అడుగుతూనే ఉన్నాను. ఆయన ఇంతవరకూ కాదనలేదు కాబట్టి సగమైనా నాదేనని నా నమ్మకం.

ఆ ధైర్యంతోనే ఒక మాట చెబుతాను, కోప్పడకండి. ముసలితనంలో తల్లిదండ్రులకు కొడుకు కంటే అట్టపెట్టె మేలు. కొడుకు వస్తే కుర్చీ వెయ్యాలి, కాఫీ పెట్టాలి, వాడి కష్టాలు వినాలి. అట్టపెట్టెకు గుమ్మం దగ్గర ఒక సంతకం చాలు.

మా నాన్నకు ఎనభై నాలుగు. చేతిగడియారాలు బాగుచేసి మమ్మల్ని పెంచాడు. ఇప్పుడు ఆ చేతులే ఆయన మాట వినవు. చెల్లెలి దగ్గర ఉంటాడు. ఆమె ఇంట్లోనే బట్టలు కుడుతూ ఆయన్ని చూసుకుంటుంది. నేనేమీ పరాయి దేశంలో లేను, రెండు బస్‌స్టాపుల అవతలే ఉన్నాను. కాకపోతే మధ్యలో ఒక సిగ్నల్ ఉంది. చాలాసేపు పడుతుంది.

అందుకే ఏడాది చివరి సెలవులు వచ్చేసరికి, పెద్దవాళ్లకు పనికొచ్చేదీ, చూసుకునేవాళ్ల శ్రమ తగ్గించేదీ ఏదో ఒకటి వెతికి పంపుతాను. శాలువాలూ ఫొటో ఫ్రేములూ నాకు గిట్టవు. దేనివల్లనైనా నలుగురికీ ఉపయోగం ఉండాలి కదా?

మొదటి ఏడాది మాట్లాడే మందులపెట్టె పంపాను. రోజుకు నాలుగు పూటలు, వారానికి ఇరవై ఎనిమిది గళ్లు. వేళ కాగానే "మీ మందులు తీసుకోండి" అంటుంది. "వేసుకున్నానమ్మా" అని నాన్న మర్యాదగానే జవాబిస్తాడు. మూత తెరిచేదాకా అది నమ్మదు. గళ్లన్నీ నింపేది చెల్లెలే అనుకోండి. కానీ ఇంతకుముందు ఆ పనిలో ఆమెకు తోడెవరున్నారు? ఇప్పుడు తొందరపెట్టడానికైనా ఒకరున్నారు!

రెండో ఏడాది, మంచం పక్కన పరిచే చాప. నాన్న దాని మీద కాలు పెడితే చెల్లెలి ఫోన్ మోగుతుంది. ఆయన్ని పట్టుకుని లేపేది చెల్లెలే కాబట్టి ముందు పడేది ఆమె కాలే. అంటే ఆమె నాన్న దగ్గరే ఉన్న సంగతిని చాప ఆమెకే ఫోన్ చేసి మరీ చెబుతుందన్నమాట. ఇంత నమ్మకంగా పనిచేసేవాళ్లు ఈ రోజుల్లో దొరుకుతారా?

మూడో ఏడాది కెమెరా. దీనితో నేను కూడా స్వయంగా సేవలోకి దిగాను. సాయంత్రం ప్రార్థన ముగించుకుని, కుర్చీలో వెనక్కి వాలి, ఫోన్‌లో నాన్నను చూస్తాను. "నాన్న దుప్పటి జారింది, చూడు" అని చెల్లెలికి కబురు చేస్తాను. ఆమె కుట్టుమిషన్ ఆపి వచ్చి సర్దుతుంది. ఒక్కోరోజు నాలుగైదుసార్లు కూడా ఇలా సేవ చేశాను. గొప్పకు చెప్పుకోవడం లేదు.

వారంటీ ఉన్నంతకాలం ఖాళీ పెట్టెలు పారెయ్యకూడదని కాగితంలో రాసుంది. ఆ ఇంట్లో వాటికి జాగా చెల్లెలి మంచం మీదే దొరికింది. ఆమె నాన్న పక్కన కింద పడుకుంటుంది. నేల నడుముకు మంచిదంటారు. ఆ చాప మీద కాదులెండి, అటూ ఇటూ దొర్లితే మోగుతుంది.

ఈ ఏడాది కూడా లిస్టు రాసుకుని ఫోన్ చేశాను.

"నాన్నకు నీళ్లు తాగమని గుర్తుచేసే గ్లాసు పంపనా?"

"ఒక మధ్యాహ్నం పంపు అన్నయ్యా."

"అంటే?"

"రెండు నుంచి ఆరు దాకా నాన్న దగ్గర ఉండు. పన్ను బాగుచేయించుకోవాలి. ఎడమవైపు నమలక ఏడాదిన్నరైంది. వస్తానని అప్పుడే అన్నావు. ఇంకా ఆగితే పక్క పన్ను కూడా పోతుందంది డాక్టరమ్మ."

వస్తానన్న మాట నిజమే. పెద్దవాడిని, అబద్ధమాడను. వెంటనే ఆన్‌లైన్ షాపులన్నీ గాలించాను. మధ్యాహ్నాలు ఎవరూ అమ్మడం లేదన్నాను.

"కొత్తది అక్కర్లేదులే, నువ్వే రా," అంది.

వెళ్లాను. చెల్లెలు బయల్దేరుతూ తన ఫోన్ నా జేబులో పెట్టింది. "అన్నీ దీనికే మోగుతాయి."

పరికరాల గురించి చెప్పాలంటే, ఒక్కటి కూడా పని ఎగ్గొట్టలేదు. మూడింటికి నాన్న బాత్‌రూమ్‌కి వెళ్లాలన్నాడు. చంకల కింద చేతులు పెట్టి లేపాను. నా కాలు చాప మీద పడింది. జేబులో ఫోన్ అందుకుంది. అదే నిమిషానికి మందులపెట్టె కూడా గొంతు కలిపింది.

"ముందు దాని నోరు మూయించరా," అన్నాడు నాన్న.

"ఏ చేత్తో నాన్నా?"

"చెల్లి మోచేత్తో నొక్కుతుంది."

ఎలాగో తీసుకెళ్లి, తీసుకొచ్చి, మంచం మీద కూర్చోబెట్టేసరికి నా రెండో జేబు మోగింది. ఇంటి నుంచి మా ఆవిడ. కెమెరాలో చూస్తోందట.

"ఏమండీ, మామయ్యగారి దుప్పటి కింద పడింది. చూసుకోండి."

నాకు వచ్చిన కోపం ఇక్కడ రాయదగ్గది కాదు. చెల్లెలికి అది ఎన్నిసార్లు వచ్చిందో నాకు తెలియదు. ఆమె ఎప్పుడూ "సరే అన్నయ్యా" అనే అనేది. నేను మాత్రం ఫోన్ పెట్టేశాను.

ఆరున్నరకు చెల్లెలు వచ్చింది. బుగ్గ వాచింది, నోట్లో దూది. నాన్న ఎలా ఉన్నాడని చేత్తోనే అడిగింది.

"నాకేం, రాయిలా ఉన్నాను. వాడికే నడుం పట్టేసింది," అన్నాడు నాన్న.

నవ్వబోయి బుగ్గ పట్టుకుంది. సంచిలోంచి చీటీ తీసి నా చేతికిచ్చింది. ఇంకా రెండు సిట్టింగులున్నాయి, గురువారం, ఆ పై మంగళవారం.

"వస్తాలే," అన్నాను.

నా మొహంలోకి కాసేపు చూసింది. ఆ చూపులో తప్పేమీ లేదు. గురువారం సంగతి గురువారం తేలుతుంది. ఏడాదిన్నరగా నేను బాకీపడ్డ మధ్యాహ్నం మాత్రం, ఇదిగో, ఈ పూటతో చెల్లు.