గొట్టం మాది కాదు

శనివారం పొద్దున జ్ఞానకుమారి వేసుకున్న పథకం చాలా సాదాది. పిండి కలపడం, జంతికలు వేయడం, సాయంత్రం ఇంట్లో ప్రార్థనకు వచ్చేవాళ్ల చేతుల్లో పెట్టడం. వాము, నువ్వులు వేసి పిండి కలిపేసింది కూడా. తీరా చూస్తే గొట్టం లేదు. వాళ్లమ్మ నరసరావుపేట నుంచి చీరల మధ్య చుట్టి పంపిన ఇత్తడి గొట్టం అది. నిన్న చింతపండుతో తోమి పెరటి గోడ మీద ఆరబెట్టింది.

"ఏవండీ, గోడ మీది గొట్టం తీశారా?"

బాబురావు ఫోన్ చూస్తూ చెమటలు కక్కుతున్నాడు. నార్తాంప్టన్‌లో వాళ్ల వీధికో వాట్సాప్ గ్రూపుంది. కొత్తగా దిగిన పక్కింటి ఆండ్రూ అందులో ఒక ఫొటో పెట్టాడు. "రాత్రి గాలికి మా పూలమొక్కల్లో పడింది. ఇదేమిటో ఎవరికైనా తెలుసా?"

కింద జవాబులు బారులు తీరాయి. ఒకాయన యుద్ధం నాటి బాంబన్నాడు. ఒకావిడ గుర్రాలకు మందు పట్టేదంది. నైజెల్ అనే పెద్దమనిషి ఇది తాళాలు పగలగొట్టే దొంగల పనిముట్టని తేల్చి, ఏ ఇంటిదో కనుక్కోవాలని పట్టుబట్టాడు.

పోయిన నెల ఇదే గ్రూపులో బాబురావు ఇంటి ఎండుచేపల వాసన మీద పెద్ద చర్చ నడిచింది. అప్పట్నుంచీ వీధిలో మర్యాదస్తుడు అనిపించుకోవాలని ఆయనకు ఒకటే తహతహ. బుర్ర కన్నా వేళ్లు ముందు పరుగెత్తాయి. "మాది కాదు. ఇలాంటిది ఎన్నడూ చూడలేదు" అని పెట్టేశాడు.

"ఎంత పని చేశారండీ! మా అమ్మ ఇచ్చిన గొట్టం!" వెనకనుంచి ఫోన్లోకి తొంగిచూసి అంది జ్ఞానకుమారి.

"నువ్వుండవే. మెల్లగా అడిగి తెస్తాగా."

వెళ్లి పక్కింటి తలుపు కొట్టాడు. ఆండ్రూ ఆశగా చూశాడు. "ఏం బాబూ, అదేమిటో గుర్తొచ్చిందా?"

"లేదు. ఇంకోసారి ఆలోచించినా గుర్తు రాలేదని చెప్పిపోదామని వచ్చాను."

"పర్వాలేదు. మధ్యాహ్నం చర్చి హాల్లో సమ్మర్ ఫేర్ ఉంది కదా, అక్కడ స్టాల్ పెడుతున్నా. ఇదేమిటో చెప్పినవాళ్లకి ఇదే ప్రైజ్!"

బాబురావు ఇంటికొచ్చి హాలుకీ వంటింటికీ మధ్య పచార్లు మొదలుపెట్టాడు. "ఫేర్‌కెళ్లి గెలుచుకొస్తా."

"మన గొట్టాన్ని మనం గెలుచుకోవాలా? ఇక్కడ పిండి ఎండిపోతోంది!" జ్ఞానకుమారి పిండి మీద తడిగుడ్డ మార్చింది. ఆవిడకు ఏడుపొక్కటే తక్కువ.

ఫేర్‌లో బాబురావు స్టాల్ ముందు నిలబడి గొంతు సవరించుకున్నాడు. "ఇది బహుశా... పిండివంటలకి..."

"అయితే నీకు తెలుసన్నమాట! మీ ఇంట్లో ఉందా?" అన్నాడు ఆండ్రూ.

వెనకాల నైజెల్ చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"అబ్బే! నాకేం తెలీదు. నేనెరగను."

అప్పుడు బాబురావుని పక్కకు తోసుకుంటూ జ్ఞానకుమారి వచ్చింది, చంకలో పిండి గిన్నెతో. నైట్ డ్యూటీల నర్సు కావడంతో ఆండ్రూ ఆవిణ్ని ఎప్పుడూ చూడలేదు. ఆవిడ ఎవరినీ అడగకుండా గొట్టం అందుకుని, పిండి కూరి, పేపర్ ప్లేటు మీద నొక్కింది. ముళ్లముళ్లగా చుట్టలు చుట్టలుగా జంతిక దిగింది. జనం చప్పట్లు కొట్టారు. నైజెల్ దాన్ని పచ్చిగా తినొచ్చా అని అడిగాడు.

"వేయించాక తినాలి. సాయంత్రం అందరూ మా ఇంటికి రండి" అందావిడ.

ఆండ్రూ గొట్టం ఆవిడ చేతిలో పెట్టి పేరు అడుగుతుండగా, బాబురావు ఛాతీ విరుచుకుని ముందుకొచ్చాడు. "మా ఆవిడే!"

"నిజమా?" అని ఆండ్రూ ఆవిణ్ని అడిగాడు.

జ్ఞానకుమారి మొగుణ్ని ఎగాదిగా చూసింది.

"ఈయన్నా? నేనెరగనండీ."

బైబిల్లో ప్రభువుని ఎరగనన్న శిష్యుడికి కూసినట్టు, మూడుసార్లు ఎరగనన్నవాడికి కోడి కూయాలి. నార్తాంప్టన్‌లో కోళ్లు ఫ్రీజర్లలో తప్ప కనబడవు కాబట్టి ఆ పనేదో ఆవిడే చేసింది.