గంపలో నిమ్మకాయ

ఈ దేశానికి ఇప్పుడు కావలసింది బియ్యం కాదు. గోధుమలూ కావు. ఫ్రూట్ కర్డు!

నవ్వకండి. నేను బాగా ఆలోచించే రాస్తున్నాను. రేషను కార్డు చేత పట్టుకుని, చక్కెర కోసం వరసలో నిలబడి, పొద్దుపోక ఈ పత్రిక తిరగేస్తున్న పాఠకులారా! మీ కష్టాలన్నిటికీ కారణం మీ ఇంట్లో ఫ్రూట్ కర్డు లేకపోవడమే. ఆ సంగతి మీకు ఎవరూ చెప్పలేదు. మా ఊరికి జీపులో వచ్చి మరీ చెప్పారు. అందుకే మేము బాగుపడ్డాం.

ఫ్రూట్ కర్డు అంటే ఏమిటో తెలియని అమాయకులు ఇంకా కొందరుంటారు. పేరు చూసి పెరుగనుకోకండి, అందులో పెరుగు చుక్క ఉండదు. నిమ్మరసం, కోడిగుడ్లు, చక్కెర, వెన్న కలిపి, ఆ గిన్నెను మరుగుతున్న నీళ్ళ మీద పెట్టి, భుజం పీకేదాకా గరిటె తిప్పితే గంధంలాగా చిక్కబడుతుంది. దాన్ని రొట్టెకు రాసుకుని తినాలి. రొట్టె అంటే మనం రాగిపిండితో చేసుకునే చోడిరొట్టె కాదు, పట్నంలో కాగితం చుట్టి అమ్మేది.

చూశారా ఎంత సులువో! గుడ్లు, చక్కెర, వెన్న, పట్నం రొట్టె ఉంటే చాలు. ఎంత పేదవాడైనా చేసుకోవచ్చు.

మా ఊరు కొండ అడుగున ఉంది. శ్రీకాకుళం బస్సు దిగి నాలుగు మైళ్ళు నడవాలి. ఇంత దూరంలో ఉన్నా మాకు మహిళామండలి ఉంది. ఎనిమిదో తరగతి దాకా చదివినందుకు నన్ను దానికి కార్యదర్శిని చేశారు. మండలి ఆస్తి ఒక చాప, నడవని ఒక గోడ గడియారం, ఒక పుస్తకం. వచ్చిన పెద్దలు ఆ పుస్తకంలో తమ అభిప్రాయాలు రాసి సంతకం చేస్తారు. వాళ్ళు వెళ్ళాక పుస్తకం నా దగ్గర ఉంటుంది. ఈ చివరి ముక్క గుర్తుంచుకోండి.

మా గ్రామసేవిక పద్మకుమారి గారు మంచి మనిషి. ట్రైనింగులో తను నేర్చుకున్నదంతా మాకు నేర్పకపోతే ఆవిడకు అన్నం సయించదు. పెద్ద ఆఫీసరు గారు భార్యతో సహా మా ఊరికి వస్తున్నారని తెలిసి, వాళ్ళ ముందు మా చేత ఫ్రూట్ కర్డు చేయించాలని నిశ్చయించారు. ఆవిడ పుస్తకంలో ఇంకో మెలిక కూడా ఉంది. దగ్గరలో దొరికే తినే పువ్వుల వాసన పట్టిస్తే కర్డు మరింత శ్రేష్ఠమట!

"మీరు తినే పువ్వులు ఏమేం ఉన్నాయమ్మా?" అని అడిగారు.

"అరిటిపువ్వు" అంది మరిడమ్మ. "కూరొండుకుంతాం గానీ రొట్టికి రాసుకుంతామేటి సేవికమ్మా?"

మునగపువ్వు, గుమ్మడిపువ్వు కూడా వచ్చాయి, వాసన చాలదని వెనక్కి వెళ్ళాయి. అప్పుడు చాప చివర కూర్చున్న దాలమ్మత్త, తలెత్తకుండానే అంది.

"ఇప్పపువ్వు ఉన్నాది. తింతాం. తిన్నిత్తే."

ఈ 'తిన్నిత్తే' సంగతి కొంచెం చెప్పాలి. చైత్రంలో తెల్లవారేసరికి ఇప్పచెట్ల కింద నేల నిండా పువ్వు రాలి ఉంటుంది. ముత్యాల్లాంటి దళసరి పువ్వు, తియ్యగా ఉంటుంది. ఏరి ఎండబెట్టుకుని, చింతపిక్కలతో కలిపి ఉడికించుకుంటే ఒక పూట గడుస్తుంది. దాలమ్మత్త ఇంట్లో చోళ్ళకుండలో శివరాత్రికే అడుగు కనిపించింది. ఊడుపుల కూలి మొదలయ్యేదాకా ఆ ఇంట్లో ఐదుగురికీ ఆ పువ్వే కూడు.

అయితే ఈ మాట అనడానికి రెండు రోజుల ముందే ఫారెస్టు గార్డు కూర్మయ్య ఆవిడ గంపను పట్టుకున్నాడు. విస్తళ్ళు కుట్టే అడ్డాకుల కోసం వెళ్ళి నేనూ అక్కడే ఉన్నాను.

"ఏటే ఇది?"

"పువ్వు బాబూ."

"పువ్వని నాకు తెల్దేటి? సారాకేనా?"

"సారా కాసే ఇల్లయితే నానిలాగుంతానా బాబూ? కూటికి."

"కూటికని రూల్లో నేదు. పైవోలడిగితే నానేటి సెప్పాల?"

కూర్మయ్య చెడ్డవాడని నేననను. రూల్లో లేని మాట ఆయన మాత్రం ఎక్కణ్ణించి తెస్తాడు? పువ్వును గంపతో సహా తీసుకుపోయాడు. దాలమ్మత్త ఉత్త చేతులతో ఇంటికి వచ్చింది.

ఇప్పుడు చూడండి ఫ్రూట్ కర్డు మహిమ! పద్మకుమారి గారు ఒక చీటీ రాసి పంపారు. 'ఆఫీసరు గారి సమక్షంలో జరిగే ప్రదర్శనకు ఇప్పపువ్వు కావలెను.' అంతే! మూడో రోజు ఉదయం కూర్మయ్య యూనిఫారం వేసుకుని, తన నెత్తి మీద తనే ఒక గంపెడు పువ్వు మోసుకుని బడి అరుగు దగ్గరికి వచ్చాడు. గంప అంచు విరిగిన చోట ఎర్రచీర పేలికతో కట్టు ఉంది.

దాలమ్మత్త ఆ కట్టు చూసింది.

"బాబూ, గంప నాదే. మోసుకొచ్చీసినావు, పున్నెముంతాది" అంది.

అందరూ నవ్వారు. కూర్మయ్య కూడా నవ్వబోయి, జీపు చప్పుడు వినపడి ఊరుకున్నాడు.

ప్రదర్శన దివ్యంగా జరిగింది. ఊళ్ళో పెట్టిన గుడ్లన్నీ వచ్చాయి. నిమ్మకాయలు పంచాయతీ ప్రెసిడెంటు గారి తోటవి. చక్కెర ఎవరి కార్డు మీద వచ్చిందో నేను అడగలేదు. మొదటి గిన్నెలో గుడ్డు ఉడికిపోయి, అట్టు ముక్కల్లా ముద్దలు కట్టింది. పద్మకుమారి గారి ముఖాన చెమట పట్టింది. "ఓలమ్మా, గుడ్లన్నీ పాడు సేసీసినారు" అని మరిడమ్మ పైకే అనేసింది. రెండో గిన్నెకు గరిటె నా చేతికిచ్చారు. ఓపికగా తిప్పడం తప్ప నాకు వేరే విద్య రాదు కాబట్టి అది కుదిరింది.

అంత గంపెడు పువ్వులో ఎంత పట్టిందనుకున్నారు? ఒక గుప్పెడు! వేడి వెన్నలో కాసేపు నానబెట్టి తీసేశారు. వాసన వస్తే చాలు కదా! మిగిలిన పువ్వును కూర్మయ్య గోనెలో ఎత్తుకున్నాడు. ప్రదర్శన అయిపోయింది, ఇక రూలు మొదలైంది. గంప మాత్రం దాలమ్మత్తకు ఇచ్చేశాడు. న్యాయం అంటే అదీ!

ఆఫీసరు గారు, వారి భార్య పట్నం రొట్టెకు దళసరిగా రాసుకుని తిన్నారు. మా ఆడవాళ్ళందరికీ తలా ఒక గోరంత అంటించారు. దాలమ్మత్త నాలుక మీద పెట్టుకుని చాలాసేపు రుచి చూసింది.

"బాగున్నాదమ్మా" అంది. "దీన్లోకి కూడేదీ?"

ఆఫీసరు గారు పడిపడి నవ్వారు. పల్లె జనం మాటలు ఎంత ముద్దుగా ఉంటాయో అన్నారు. ఆ సంతోషంలో మండలి పుస్తకం తెప్పించి ఆకుపచ్చ సిరాతో రాశారు. 'ఈ గ్రామ స్త్రీలు అడవిలో ఇప్పపువ్వును సేకరించి ఫ్రూట్ కర్డు తయారుచేసుకొనుటను అన్ని విధముల ప్రోత్సహించవలెను.' కింద సంతకం, తేదీ.

ఒక నిమ్మకాయ మిగిలింది. పద్మకుమారి గారు దాన్ని దాలమ్మత్త చేతిలో పెట్టి, ఇంట్లో అభ్యాసం చెయ్యమన్నారు.

ఆ సాయంత్రం దాలమ్మత్త మా వీధరుగు మీదికి వచ్చి కూర్చుంది. ఆకుపచ్చ రాతను నా చేత మూడుసార్లు చదివించుకుంది.

"గుంటా, దాన్లో సారా అని ఉన్నాదేటి?"

"లేదత్తా."

"కూడు అని?"

"అదీ లేదు."

"మరేటున్నాది?"

"ఫ్రూట్ కర్డు."

"పురూటు కర్డు" అంది దాలమ్మత్త. మళ్ళీ అంది. దీపం పెట్టేవేళ దాకా, చిన్నపిల్ల ఎక్కం వల్లించినట్టు అంటూనే ఉంది.

మర్నాడు పొద్దున్నే ఇద్దరం అడవికి వెళ్ళాం. గంప నిండింది. దారిలో కూర్మయ్య ఎదురయ్యాడు.

"ఏటే ఇది?"

"పురూటు కర్డు బాబూ."

"పువ్వు కాదేటే?"

"ఇప్పటికి పువ్వే. ఇంటికెల్తే పురూటు కర్డు." పువ్వు మధ్యలోంచి నిమ్మకాయ తీసి చూపించింది. నేను పుస్తకం తెరిచి పట్టుకున్నాను. కూర్మయ్య కూడబలుక్కుని చదివాడు. ఆకుపచ్చ సంతకం దగ్గర ఆగి, టోపీ తీసి తల గోక్కున్నాడు.

"మరి గుడ్లేయీ?"

"కోడి పెట్టాల గదా బాబూ! ఆర్డరేస్తే పెడతాదేటి?"

"ఎల్లు, ఎల్లు" అన్నాడు కూర్మయ్య. ఆ గంప ఇల్లు చేరింది.

పాఠకులారా, ఇంతకంటే ఏం కావాలి? నిన్నటి దాకా మా ఊరి ఆడవాళ్ళు అడవిదొంగలు. ఇవాళ గృహవిజ్ఞానం నేర్చుకుంటున్న మహిళలు! అదే చెట్టు, అదే పువ్వు, అదే గంప. తేడా ఒక్క నిమ్మకాయ!

అందుకే నా మనవి, ఈ విద్యను ఇంతటితో ఆపకూడదు. పొయ్యిలోకని పుల్లలు ఏరితే తప్పే. కేకు కాల్చడానికంటే ఎవరు కాదంటారు? దయగల అమ్మగారెవరైనా వచ్చి మాకు వెంటనే కేకు నేర్పాలి. చింతపండు పులుసుకు కాకుండా సాసుకు ఏరుకుంటాం. అడ్డాకులు విస్తళ్ళకు కాదు, గోడకు తగిలించే బొమ్మలకు అని చెప్పుకుంటాం. మాకు రాని వంటలు ఎన్ని నేర్పితే మా ఇళ్ళలో వచ్చిన వంట అన్ని రోజులు సాగుతుంది!

ఆ మధ్య ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. ఫ్రూట్ కర్డు తయారీలో ప్రగతి తెలియజేయమన్నారు. కార్యదర్శిని కాబట్టి జవాబు నేనే రాశాను. 'మా గ్రామములో ఇంటింటా తయారగుచున్నది. స్థానిక పరిస్థితులను బట్టి గుడ్లు, చక్కెర, వెన్న, నిమ్మరసము మినహాయించి, వాటి బదులు చింతపిక్కలు, ఉప్పు వేయుచున్నాము. రొట్టె కూడ అవసరము లేదని గ్రహించితిమి.' ఒక్క అబద్ధం లేదు కదా!

సంతోషిస్తున్నామని వాళ్ళు మళ్ళీ రాశారు.

ఇన్ని సుఖాల మధ్య ఒకే ఒక్క చిక్కు. ప్రెసిడెంటు గారి తోటలో కాయలు అయిపోయాయి. సంతకు పోయి కొనే స్తోమత ఉన్నవాళ్ళకు ఇప్పపువ్వుతో పనేముంది? ఊరి మొత్తానికి మిగిలింది దాలమ్మత్త నిమ్మకాయ ఒక్కటే. రోజుకొకరి గంపలో ఎక్కి అడవికి పోయి వస్తోంది. పసుపురంగు పోయి గోధుమరంగులోకి దిగింది. తోలు గట్టిపడింది. అయినా కూర్మయ్య దాన్ని చూసి దారి ఇస్తున్నాడు. అది నిరుటి కాయో, ఈ ఏటిదో చూడమని ఆయన రూల్లో లేదు.

మొన్న మరిడమ్మ కోడలు వేవిళ్ళతో ఏదీ ఇమడక, నాలిక్కి రాసుకోవడానికి ఒక్క నిమ్మచెక్క అడిగింది. కడుపుతో ఉన్న పిల్ల అడిగితే లేదనకూడదని అందరికీ తెలుసు. వీధంతా చేరి ఆలోచించారు. చివరికి చింతచిగురు తెచ్చి పెట్టారు. ఆ పిల్ల ఏడుస్తూ నమిలింది.

ఆకలికి పువ్వు ఏరుకోవచ్చని ఏ పుస్తకంలోనైనా, ఏ రంగు సిరాతోనైనా ఎవరైనా ఒక్క ముక్క రాసి ఉంటే, ఆ నిమ్మచెక్క ఆ పిల్ల నోట్లో ఉండేది. కానీ అంత చిన్న సంగతి రాయడానికి జీపులో ఎవరొస్తారు? దానికి రుచీ లేదు, వాసనా లేదు, రొట్టెకు రాసుకోవడానికి పనికిరాదు.

ఇవాళ అడవికి వెళ్ళే వంతు మరిడమ్మది. తెల్లవారుతుండగా దాలమ్మత్త కొంగుముడి విప్పి నిమ్మకాయ తీసి ఇచ్చింది. మరిడమ్మ దాన్ని అరచేతిలో పెట్టుకుని, లోపల పడుకున్న కోడలి వైపు ఒకసారి చూసింది.

"ఒసే మరిడీ!" అంది దాలమ్మత్త. "గట్టిగా పట్టుకోకే. పిండీసినావంటే ఊరందరి కూడూ పోతాది!"