డిస్కు డ్రైవరుకు శాశ్వత నియామకం

మార్పు రావాలి, కానీ ఏదీ మారకూడదు. లోకంలోని పరిపాలన అంతా ఈ ఒక్క సూత్రం మీదే నిలబడి ఉందని మా ఆవిడ పనిచేసే కార్యాలయం ఈమధ్య లిఖితపూర్వకంగా ధ్రువీకరించింది. "సర్వరులోని లినక్స్ కెర్నెల్‌ను కొత్తగా కంపైల్ చేయవలెను. పాత కాన్ఫిగరేషన్ యథాతథముగా ఉంచవలెను." (కెర్నెల్ అంటే కంప్యూటరుకు ఇంటి పెద్ద. ఎవరికీ కనిపించదు, అది లేవకపోతే మాత్రం ఇంట్లో పొయ్యి వెలగదు. కంపైల్ చేయడమంటే దాన్ని మళ్లీ తయారుచేయడం, కాన్ఫిగరేషన్ అంటే అందులో ఏమేం ఉండాలో చెప్పే జాబితా.)

ఆ సర్వరును చూసుకునేది మా ఆవిడే. కాంట్రాక్టు ఉద్యోగం. ఏటా "వచ్చే ఏడు పర్మనెంటు చేస్తాం" అంటారు, ఏటా వచ్చే ఏడు వస్తూనే ఉంటుంది. ఈ పని అయ్యాక ఫైలు కదుపుతామని ఈసారి స్వయంగా డైరెక్టరు గారే నోటితో అన్నారు. పాపం, నమ్మింది. నేను క్యారేజీ పట్టుకెళ్లి సర్వరు గదిలో ఓ మూల కూర్చునేవాణ్ణి.

పాత కాన్ఫిగరేషన్ ఇచ్చినా కొత్త కెర్నెల్ ఊరుకోదట. పాతదాంట్లో లేని ప్రతిదాన్నీ ఏం చేయమంటారని అడుగుతుందట. వై కొడితే కెర్నెల్‌లోనే కలిపేస్తుంది. ఎన్ కొడితే వద్దన్నట్టు. ఎమ్ కొడితే మాడ్యూలు, అంటే బయట కూర్చోబెట్టి, పని పడ్డప్పుడు పిలిచి, అయ్యాక పంపించేయడం.

ఈ ఎమ్ సంగతి వినగానే డైరెక్టరు గారి మొహం చాటంత అయింది.

"అబ్బ, ఇదేదో మన పద్ధతే! అన్నిటికీ అదే కొట్టమ్మా."

"అన్నిటికీ కుదరదు సార్. డిస్కును చదివిపెట్టే డ్రైవరుకి పేరు మారింది, అందుకే మళ్లీ అడుగుతోంది. దానికి వై కొట్టాలి. మాడ్యూళ్లుండేదే ఆ డిస్కులో. లేకపోతే తాళంచెవి బీరువాలో పెట్టి బీరువాకి తాళం వేసినట్టే."

"ఒకదాన్ని పర్మనెంటు చేస్తే మిగతావి ఊరుకుంటాయా? రేపు అన్నీ వచ్చి మీద కూర్చుంటాయి. ఎమ్ కొట్టు."

కొట్టింది. సర్వరు లేవలేదు. విభాగాలు ఒకదానిమీద ఒకటి ఫిర్యాదులు రాసుకున్నాయి (సర్వరు లేదు కనుక చేత్తోనే). హాజరు వేసే యంత్రం డైరెక్టరు గారి వేలిని గుర్తుపట్టనంది. రికార్డుల ప్రకారం ఆయన ఆ రోజు ఉద్యోగంలోనే లేరు. అప్పుడొచ్చారు పరిగెత్తుకుంటూ.

"ఏం కొడతావో కొట్టు తల్లీ, నీకు పుణ్యముంటుంది!"

మా ఆవిడ వై కొట్టి మళ్లీ కంపైల్ చేసింది. సర్వరు లేచింది. యంత్రం డైరెక్టరు గారి వేలికి వందనం చేసింది. నాకు ఎంత గర్వంగా అనిపించిందో చెప్పలేను.

"సార్, మరి నా ఫైలు..." అంది మా ఆవిడ, అడగలేక అడుగుతూ.

"చూద్దాం. ఇప్పుడంతా బాగా నడుస్తోందా?"

"నడుస్తోంది సార్."

"మళ్లీ ఆగదు కదా?"

"ఆగదు సార్. నాదీ పూచీ."

ఆయన ఎంతో ఆప్యాయంగా నవ్వారు.

"మరింక నీతో పనేముందమ్మా?"