పండని మల్గోవా

"గంప మూత తీస్తే పండ్లకు గాలి సోకి మచ్చ పడతాదని చెప్తా ఉండానా లేదా?" అన్నాడు శంకరనారాయణ నాలుగోసారి.

"ఎవురికి చెప్తా ఉండారు?" అని నాగరత్న నాలుగోసారి అడిగింది.

అడగాల్సిన ప్రశ్నే. నాగరత్న పుట్టింది రాయల్పాడులో, మామిడి మండీ నడిపే ఇంట్లో. ఆమె నడక నేర్చుకున్నదే మామిడి గంపలు పట్టుకుని. అలాంటి మనిషికి, రాబర్ట్‌సన్‌పేటలో స్టీలు పాత్రల అంగడి పెట్టుకున్నవాడు పండు ముగ్గవేయడం గురించి పాఠం చెబుతున్నాడు.

"పెండ్లయి ఇరవై రెండేండ్లు. ఒక్కనాడన్నా గంప దిక్కు చూసినారా మీరు? తొక్క తీసి గిన్నెలో ఏసిస్తే తినేదే గాని, పండు చెట్టున కాస్తాదో గోనెలో కాస్తాదో తెలీదు. నాలుగు దినాలుగా లేస్తానే గంపకాడ కాపలా! ఏముండాది దాంట్లో?"

"పండ్లు."

"పండ్లే అయితే ఇట్లియ్యండి."

"రేపు నేనే తీసిస్తా. ఈ పొద్దు మంగళవారం. మంగళవారం పండ్లు..." శంకరనారాయణ గోడమీది క్యాలెండరు వైపు చూశాడు. "రెస్టులో ఉంటాయి."

గడపలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్న ఆయన తల్లి గౌరమ్మ తలెత్తింది. "మంగళవారం అంగడి మూసినట్టు పండ్లకు కూడా రజానా నాయనా?"

కూతురు పంకజ పుస్తకం ముఖానికి అడ్డం పెట్టుకుంది. పుస్తకం ఊగడం మాత్రం ఆగలేదు.

శంకరనారాయణ గంప మూతను ఇంకోసారి అదిమి పెట్టాడు. ఎందుకంటే గంపలో, గడ్డి కింద, పన్నెండు మల్గోవా పండ్ల మధ్య, పదమూడోది పండు కాదు. అది సాఫ్ట్‌బాల్, పేరుకే మెత్తన. పసుపు రంగుది, ఎర్ర కుట్లది, బెంగళూరు నుంచి తెప్పించిన కొత్త మ్యాచ్ బంతి. ఆ సాయంత్రం ఆరున్నరకు సీజన్‌లో మొదటి ఆట. ఆ ఆటలో చెయ్యి కిందినుంచి బంతి విసిరేది శంకరనారాయణే.

దాచడానికి కారణం మూడేళ్ల కిందటిది. వర్తకుల క్రికెట్ పోటీలో ఒకరు తక్కువైతే తనే దిగి, ఆయన బ్యాటు ఒకసారి బలంగా తిప్పాడు. బంతి ఉన్నచోటే ఉంది, నడుము మాత్రం తిరిగింది. నలభై రోజులు మంచం. ఆ నలభై రోజులూ అంగడి, ఇల్లు, అత్త, మొగుడు అన్నీ నాగరత్నే చూసుకుంది. నలభై ఒకటో రోజు కర్పూరం వెలిగించి, మొగుణ్ణి దాని ముందు నిలబెట్టింది.

"ఇంగ బ్యాటు ముట్టను" అని ఆయన ఒట్టు పెట్టాడు.

ఈ సంవత్సరం మార్కెట్ వాళ్లు సాఫ్ట్‌బాల్ టీము పెట్టినప్పుడు ఆ ఒట్టుకు సందు కనిపెట్టింది కెప్టెన్ చౌడప్ప. రిటైరైన డ్రిల్ మాస్టరు. రూల్సు పుస్తకం లేకుండా స్నానానికి కూడా పోడని ఊళ్లో పేరు, అందుకే రూల్స్ చౌడప్ప అయ్యాడు.

"బ్యాటు ముట్టనన్నావు గాని, బంతి ముట్టనని అన్లేదు కదప్పా? బంతి ఏసేవాన్ని పిచ్చర్ అంటారు. పిచ్చర్ బదులు ఇంగొకరు బ్యాటింగు చెయ్యొచ్చు. రూల్సులో ఉండాది. నీ చేతిలో ఏదో ఉండాది శంకరా."

ఆ చివరి మాటే శంకరనారాయణను పడగొట్టింది. చిన్నప్పుడు బడిలో జట్లు పంచుకునేటప్పుడు ఆయన్ని ఎవరూ పిలిచేవారు కాదు. ఆడేవాళ్ల చెప్పులకు కాపలా ఉండేవాడు. నలభై ఎనిమిదేళ్లకు మొదటిసారి ఒకరు వేలు చూపి "నువ్వు రా" అన్నారు. ఈ సంగతి నాగరత్నకు తెలిస్తే ఆ వేలు మళ్లీ తన వైపు తిరగదు.

'బంతి చేతికి అలవాటు కావల్ల, నీ దగ్గరే పెట్టుకో' అని చౌడప్ప ఉన్న ఒక్క కొత్త బంతీ ఆయనకిచ్చాడు. అంగట్లో దాచలేడు, మధ్యాహ్నం ఆయన కునుకు తీసేటప్పుడు అక్కడ కూర్చునేది నాగరత్నే. ఇంట్లో పసుపుగా, గుండ్రంగా ఉన్నదాన్ని దాచడానికి మామిడి గంపకన్నా మంచి చోటు ఉంటుందా? తన తెలివికి తనే మెచ్చుకుని, ఆ రాత్రి రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు.

"నాకు వర్తక సంఘం మీటింగుండాది. అయిదింటికి వచ్చి మళ్లీ పోతా" అని చెప్పి, గంప వైపు ఒక చూపు, పెళ్లాం వైపు ఒక చూపు విసిరి బయటపడ్డాడు.

గ్రౌండు, బంగారు గనులు పారబోసిన సైనైడ్ మట్టి దిబ్బల పక్కన. చౌడప్పతో కలిసి ముగ్గుపిండితో గీతలు గీసి, పరుగెత్తేవాళ్లు తాకాల్సిన నాలుగు బేసులూ గుర్తుపెట్టాడు. లైట్లు పెళ్లిపందిళ్ల సొన్నప్పవి. స్తంభాలు నాటాడు గాని, మొన్నటి పెళ్లి నుంచి తెచ్చిన బోర్డు తీగ వేరు చేయడం ఆయన వల్ల కాలేదు. స్విచ్ వేస్తే గ్రౌండు వెలుగుతుంది, పైన 'శుభవివాహం' అని ఎర్ర అక్షరాలు కూడా వెలుగుతాయి.

"ఉండనీప్పా, శుభమే కదా" అన్నాడు సొన్నప్ప.

అయిదింటికి శంకరనారాయణ ఇంటికొచ్చాడు. గంప లేదు. గంప ఉన్నచోట నాలుగు గడ్డిపోచలున్నాయి.

"అమ్మా! గంప యాడ?"

"శ్రీనివాసమూర్తి గారింటికి పోయింది. ఆటగాండ్లకు పండ్లు పంచల్లంట, మంచి మల్గోవా కావల్లని నిన్ననే చెప్పినారంట. రత్నా పాపా ఆటోలో ఏసుకోని పోయినారు."

శ్రీనివాసమూర్తి వర్తక సంఘం పెద్ద. ఆనాటి ఆటకు ముఖ్య అతిథి. శంకరనారాయణ ఆ నాలుగు గడ్డిపోచల కింద కూడా వెతికాడు.

"అదేం పండో గాని నాయనా," గౌరమ్మ తీరిగ్గా మొదలుపెట్టింది, "దాంట్లో ఒకటుండాది చూడు, అట్లాంటి మల్గోవా నా జన్మలో చూడ్లే. నాలుగు దినాలుగా నొక్కి నొక్కి నా బొటనేలు వాచింది. రాయి!"

"కోసినావా?"

"కత్తి దిగితే కదా కోసేది! పొద్దున మీద రోంత గాటు పడింది, అంతే. పులుసులో ఏస్తామంటే, అది మనింట్లో పండేది కాదులే అత్తా, పెట్టేయ్ అనింది రత్న."

శంకరనారాయణ స్కూటరు తాళంచెవి అందుకున్నాడు. అంటే రత్న కూడా పండే అనుకుంటోంది! ఇంకా కొంప మునగలేదు. స్కూటరు ఎక్కి శ్రీనివాసమూర్తి ఇంటికి పరిగెత్తించాడు. ఆయన భార్య వసంతమ్మ గేటు దగ్గరే నిలబడి ఉంది.

"ఇప్పుడే పోయినారప్పా. మా ఇంటాయన, మీ ఇంటామె, పాప, గంప. నలుగురూ గ్రౌండుకే."

శంకరనారాయణ దారిపొడుగునా తెలిసిన దేవుళ్లందరికీ మొక్కాడు. తెలియని ఇద్దరికి కూడా మొక్కాడు. రత్న గ్రౌండులో ఉంటుంది. తను టోపీ కళ్లదాకా దించుకోవాలి. ఆమెకు కనబడకుండా బంతి తీయాలి, ఆమెకు కనబడకుండా బంతి వేయాలి. రెండోది ఎలాగో ఆలోచించేలోపు గ్రౌండు వచ్చేసింది.

మాలూరు ఫ్యాక్టరీ టీము రైలు దిగి అప్పటికే వచ్చేసింది. ఇటుక బట్టీల ఊరివాళ్లు, మనుషులూ అలాగే ఉన్నారు, కాల్చి గట్టిపరిచినట్టు. వాళ్లలో ఇద్దరు ఆడవాళ్లు కూడా ఉన్నారు, ప్యాంట్లు వేసుకుని భుజాలు తిప్పుకుంటున్నారు.

లైట్లు ఇంకా వెయ్యలేదు. మసక వెలుతురులో, పెళ్లి కుర్చీలో, శ్రీనివాసమూర్తి పక్కన నాగరత్న కూర్చుని ఉంది. గంప ఆమె కుర్చీ వెనక ఉంది.

"బంతి యాడప్పా?" చౌడప్ప పళ్లెం పట్టుకుని వచ్చాడు. కొత్త బ్యాటు, పసుపు, కుంకుమ, కొబ్బరికాయ అన్నీ ఉన్నాయి. పూజ చేయకుండా ఆ ఊళ్లో కొత్త తాళంచెవి కూడా వాడరు.

"తెస్తా సార్, ఒక్క నిమిషం."

శంకరనారాయణ కుర్చీల వెనక వంగి నడిచాడు. నడుము 'ఏం చేస్తున్నావు?' అని అడిగింది. దానికీ అబద్ధం చెప్పి, గడ్డిలోకి చెయ్యి దూర్చాడు. పండు. పండు. ఇంకో పండు. అప్పుడు కాస్త గట్టిగా, గుండ్రంగా ఒకటి తగిలింది.

"ఏమండీ, మీటింగు అయిపోయిందా?" నాగరత్న వెనక్కు తిరక్కుండానే అడిగింది.

"ఆఁ... ఈడ్నే మీటింగు... ఇంగా జరగతా ఉండాది" అంటూ, దొరికినదాన్ని తువ్వాలలో చుట్టుకుని పరిగెత్తాడు. కుట్లు తడిమి చూసుకునే తీరిక ఎక్కడిది?

శ్రీనివాసమూర్తికి డెబ్బై ఎనిమిదేళ్లు, ఒక కంటికి శుక్లం. పళ్లెంలో ఉన్నదానికి భక్తిగా చుట్టూ పసుపు పూసి మూడు కుంకుమ బొట్లు పెట్టాడు. పసుపు పూశాక పసుపు బంతికీ పసుపు పండుకీ తేడా చెప్పడం దేవుడికి కూడా కష్టమే. కొబ్బరికాయ కొట్టారు. సొన్నప్ప స్విచ్ వేశాడు. శుభవివాహం.

మొదటి బంతి ముఖ్య అతిథి వేయాలి, బ్యాటరు మర్యాదకు దాన్ని వదిలేయాలి. చౌడప్ప రూల్సులో అలా ఉంది. మాలూరు బ్యాటరుకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. పెద్దాయన వేసినది మెల్లగా గాల్లో తేలుతూ వచ్చింది. బ్యాటరు ఉన్న బలమంతా పెట్టి కొట్టాడు.

'థప్' అంది.

గ్రౌండంతా ఘుమఘుమలాడింది. అంపైరు ముఖానికి కట్టుకున్న జాలీలోంచి రసం కారుతోంది. బ్యాటరు గుడ్డివాడిలా కళ్లు తుడుచుకుంటూ, అయినా పరుగు తీశాడు. టెంక మూడో బేసు వైపు ఎగిరితే, అక్కడి మార్కెట్ ఆటగాడు డైవ్ చేసి పట్టి "అవుట్!" అని అరిచాడు. చౌడప్ప రూల్సు పుస్తకం తిప్పుతున్నాడు. టెంక గురించి ఏ పేజీలోనూ లేదు.

"ఎవురప్పా బంతి తెచ్చింది?" అంపైరు పెదవులు నాకి చూసుకుని అడిగాడు.

పద్దెనిమిది మంది శంకరనారాయణ వైపు చూశారు. జీవితంలో రెండోసారి వేళ్లు ఆయన వైపు తిరిగాయి. అన్నీ ఒకేసారి. ఇంకేముంది, ఆట మొదలు కాకముందే తన ఆట అయిపోయింది.

అప్పుడు నాగరత్న కుర్చీలోంచి లేచింది. చేతిసంచీలోంచి కొత్త సాఫ్ట్‌బాల్ తీసింది. పైన చిన్న కత్తి గాటు ఉంది.

"చౌడప్ప సార్, పట్టుకోండి!"

చెయ్యి కిందినుంచి, తొడను రాసుకుంటూ వచ్చింది. నలభై అడుగుల దూరం బంతి తాడు కట్టి లాగినట్టు పోయి, చౌడప్ప గ్లోవ్‌లో 'చప్' మని కూర్చుంది. ఆయన చేతిలోని రూల్సు పుస్తకం కింద పడింది. అది కింద పడగా ఎవరూ ఎప్పుడూ చూడలేదు.

రాయల్పాడు మండీలో లారీకి కాయలెత్తేది అలాగే. కిందివాళ్లు చెయ్యి కిందినుంచి విసురుతారు, పైవాళ్లు పట్టుకుంటారు. కాయకు దెబ్బ తగలకూడదు, గురి తప్పకూడదు. నాగరత్న తొమ్మిదో ఏట నుంచి పెళ్లిదాకా ప్రతి మామిడికారూ విసిరింది.

శంకరనారాయణ ఆమె దగ్గరికి వచ్చి నేల చూపులు చూశాడు. "ఎప్పుడు తెలిసింది?"

"మొదటి దినమే. దినామూ మీరు అంగడికి పోయినాక పండ్లు తిప్పిపెట్టేదాన్ని నేను. కుట్లుండే మల్గోవా మా నాయన మండీకి ఎప్పుడూ రాలే." నాగరత్న చేతిసంచీలోంచి ఇంకొకటి తీసి ఆయన జేబులో పెట్టింది. నడుంనొప్పి మందు డబ్బా. "పోండి. ఏసి రండి. మెల్లగా."

వేశాడు. నాలుగు బంతులు గురి తప్పితే బ్యాటరు ఊరికే నడిచి బేసుకు పోవచ్చు. మాలూరువాళ్లు ముగ్గురు వరసగా, షికారుకొచ్చినట్టు నడిచారు. పెళ్లాం చూస్తుంటే ఆయన చెయ్యి తనది కానట్టుంది.

"మోచెయ్యి దూరం పోతా ఉండాది!" కుర్చీలోంచి గొంతు. "తొడను రాసుకోని రానీండి!"

తర్వాతి బంతి రాసుకుని వచ్చింది. బ్యాటరు గాలిని కొట్టాడు. ఇంకొకటి. మరొకటి. మూడుసార్లు తప్పితే అవుట్! మార్కెట్ అంతా ఈల వేసింది. శంకరనారాయణ రెండు చేతులూ పైకెత్తి ఎగిరాడు. దిగేటప్పుడు నడుములో 'కళుక్' మంది. ఎవరికీ తెలియకుండా నవ్వుతూనే నిలబడ్డాడు. నవ్వు వంకరపోవడం నాగరత్న చూసింది. చౌడప్ప ఆమె కుర్చీ దగ్గరికి పోయి ఏదో అడిగి, నోటుబుక్కులో రాసుకోవడం మాత్రం శంకరనారాయణ చూడలేదు.

రెండు పరుగుల తేడాతో మార్కెట్ ఓడిపోయింది. పన్నెండులో మిగిలిన పదకొండు పండ్లూ రెండు టీములూ కోసుకుని తిన్నారు. ఎవరు ఓడారో కాసేపటికి ఎవరికీ గుర్తులేదు.

ఇంట్లో అందరూ అన్నానికి కూర్చున్నారు. శంకరనారాయణ గోడకు ఆనుకుని, కుడివైపు కొద్దిగా వంగి కూర్చున్నాడు. మందు వాసన పులుసు వాసనను మించిపోయింది.

"ఏమాటప్పా అది, నువ్వు పిచ్చోడంట కదా ఆటలో?" అంది గౌరమ్మ.

"పిచ్చర్, అవ్వా" అని పంకజ దిద్దింది.

"అదేలే."

"రత్నా," శంకరనారాయణ గొంతు సవరించుకున్నాడు, "ఒట్టు నేను తప్పలేదు. బ్యాటు ముట్టలే. నువ్వే చూసినావు."

"చూసినా" అంది నాగరత్న. ఆయన కంచంలో సంగటి ముద్ద పెట్టి, మధ్యలో గుంట చేసి పులుసు పోసింది. అత్తకు పోసింది. కూతురికి పోసింది. తర్వాత అందరికీ వినిపించేలా, గొంతు పెంచకుండానే చెప్పింది.

"వచ్చే మంగళవారం నించి బంతి నేను ఏస్తా. చౌడప్ప సార్ పేరు రాసుకున్నాడు. మాలూరు వాళ్లలో ఆడోళ్లున్నారు కదా, రూల్సులో ఉండాదంట."

గౌరమ్మ చెయ్యి నోటి దగ్గర ఆగింది. "మరి ఆ పొద్దు సంగటి ఎవరు కెలుకుతారే?"

నాగరత్న పొయ్యి పక్కన గోడకు ఆనించిన పొడుగాటి సంగటి కట్టెను తీసి, మొగుడి పక్కన పెట్టింది.

"బ్యాటు ముట్టనని కదా ఆయన ఒట్టు పెట్టింది" అంది.